ఏడవడానికి చోటు

ఏడుపుకి ఇంగ్లీషులో ఇన్ని పేర్లెందుకో ఆ దేవుడికే తెలియాలి. కార్ఖానా బస్టాప్ దగ్గరున్న మా ఆఫీసులో పని, అమెరికా నుంచి వచ్చే ఫోను రికార్డింగులు విని టైపు చేయడం. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్న రోజులు కదా, మా ఉద్యోగం కూడా చుట్టాల దగ్గర సాఫ్ట్‌వేరే. మాటలు టైపు చేయడం తేలికే. ఎవరైనా ఏడిస్తేనే చావొచ్చేది. అది స్క్రీమా, ష్రీకా, హౌలా, వెయిలా తేల్చి రాయాలి.

ఆ వారమే శ్రీకాకుళంలో మా పిన్ని పోయింది. అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. మీరొచ్చేసరికి అంతా అయిపోతుంది, రావద్దని ఫోనులోనే చెప్పేశారు. పద్మారావు నగర్‌లో మేం అద్దెకున్న వాటా గుమ్మంలో అమ్మ కూలబడి, మా వైపు ఆడవాళ్లలాగే శోకాలు మొదలుపెట్టింది.

"ఓలమ్మో, నా సెల్లెమ్మో, నన్నొగ్గేసి ఎల్లిపోనావా తల్లో!"

అంతలోనే మేడ మీంచి ఓనరమ్మ పరుగున దిగింది. "ఏందమ్మా, గిట్ల ఒర్రుతున్నవ్? మా కోడలు నిండు నెలల మీదున్నది. జెర ఊకో, పిల్ల పరేషాన్ అయితది."

ఆవిడ చెడ్డమనిషేం కాదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత మళ్లీ ఏడవలేదు. అన్నం సయించదు, పలకరిస్తే పలకదు. మనిషి ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది.

అలాంటప్పుడే, నా ఖర్మ, ఆఫీసులో ఆ రికార్డింగు వచ్చింది. ఎవరో ఆవిడ, భర్త పడిపోయాడని అంబులెన్సుకి ఫోను చేసింది. మాట్లాడుతూండగానే ఆయన ప్రాణం పోయింది. ఇక ఒకటే ఏడుపు, సాగదీసి సాగదీసి. భయంతో అరిస్తే స్క్రీమ్. చెవులు చిల్లులు పడేలా కీచుమంటే ష్రీక్. హౌల్ అంటే నక్క ఊళ గుర్తొచ్చి, ఛీ అనుకున్నాను. దుఃఖంతో రాగం తీసి ఏడిస్తే వెయిల్, అదే రాశాను.

వెనక నిలబడ్డ టీమ్ లీడర్ నవ్వాడు. "ఒక్క ఏడుపుకి గింత సేపా? స్క్రీమ్ అని కొట్టుండ్రి మేడమ్, ఫైల్ పంపుదాం."

"స్క్రీమ్ కాదు సార్! ఆవిడకి భయం కాదు, దుఃఖం" అన్నాను. నా గొంతు లేచేసరికి ఆయన తగ్గి, మీ ఇష్టం అని వెళ్లిపోయాడు. ముక్కూ మొహం తెలియనావిడ ఏడుపుకి ఇంత గౌరవం, మా అమ్మకి ఏడవడానికే చోటు లేదు.

శనివారం ఓనరమ్మ కోడల్ని తీసుకుని ఆస్పత్రికి వెళ్లింది. తలుపులూ కిటికీలూ వేసేసి, టీవీ గట్టిగా పెట్టాను. "అమ్మా, పైన ఎవరూ లేరు. కరువుతీరా ఏడువు."

అమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

"ఒక్కదాన్నీ ఎలాగేడుత్తానే? ఇద్దరు మెడలు పట్టుకుని, ఒకర్తి ఎత్తుకుంటే ఇంకొకర్తి అందుకోవాల" అంది. నా మెడ చుట్టూ చేతులు వేసి, "ఓలమ్మో, నా సెల్లెమ్మో" అని ఎత్తుకుంది. నేను అందుకుంటానని ఆగింది.

పిన్ని నాకు జడలు వేయడం, నేను అలిగితే బతిమాలి అన్నం పెట్టడం, అన్నీ గుర్తున్నాయి. వాటిని వరసగా అల్లి ఏడవడం మాత్రం నాకు రాదు. "పిన్నీ" అన్నాను. ఇంకేమనాలో తెలియక మళ్లీ "పిన్నీ" అన్నాను.

అమ్మ మెల్లగా చేతులు తీసేసి, నా తల నిమిరింది.

"మా సెల్లయితే అందుకునేది" అంది.