మా బావను కాడికి కట్టిన శుక్రవారం

ఆ రోజుల్లో మా ఊళ్ళో గల్ఫ్‌లో ఎక్కడికి వెళ్ళినా దుబాయే. దుబాయి అంటే ఎండ, ఇసుక, తలకు చుట్టిన తువ్వాలు. అలాంటి దుబాయికి (నిజానికి బహ్రెయిన్‌కు) వెళ్ళి, బయట జనం ఎండకు మాడుతుంటే లోపల రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు వేసుకుని ముక్కు తుడుచుకుంటూ పనిచేసిన మొనగాణ్ణి మా మండలం మొత్తానికి నేనొక్కణ్ణే అనుకుంటాను. అక్కడి సల్మాబాద్ కూలీల క్యాంపులో ఉండే మా బావ, అంటే మా అక్క భర్త, ఎవరెవరినో బతిమాలి ఐసు హాకీ ఆడే హాల్లో ఐసు చూసుకునే పని ఇప్పించాడు. “ఐసు జూసుకునుడేంది బావా, అది యాడికన్న పోతదా?” అన్నాను. “కరిగిపోతది. పోకుంట జూసుడే నీ డ్యూటీ” అన్నాడు. మూడు నెలలు చూస్తామని, పని నచ్చకపోతే ఇంటికి పంపేస్తామని మేనేజరు ముందే చెప్పాడు. నాకు గుబులు పట్టుకుంది. మా ఊళ్ళో ఒకాయన ఆరు నెలలకే వాపసొస్తే, మనవళ్ళు పుట్టాక కూడా ఆయన్ను ‘ఆర్నెల్ల దుబాయి’ అనే పిలుస్తున్నారు. నేను మూడు నెలలకే వస్తే ఆయనలో సగం పేరు కూడా దక్కదు.

చలికాలమంతా నాలుగు జట్ల చిన్న లీగు జరిగేది. ఆడేవాళ్ళు వారమంతా ఆఫీసుల్లో, బడుల్లో మర్యాదగా పనిచేసుకునే కెనడావాళ్ళు, ఫిన్లాండ్‌వాళ్ళు, కొందరు బహ్రెయినీలు. అక్కడ సెలవురోజైన శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్ళకు ఇనుప కత్తులు కట్టుకుని, ఒక నల్ల బిళ్ళ కోసం కర్రలతో కొట్టుకునేవాళ్ళు. మా హాలు జట్టుకు నాయకుడు ఒక గడ్డం కెనడా ఆయన. మధ్యమధ్యలో చిన్న ట్రాక్టరంత బండి నడిపి ఐసును చదును చేయడం నా పని. బండి కింది కత్తి పైపైన గీకుతుంది, వెనక వేలాడే తడిగుడ్డ నీళ్ళు పరుస్తుంది. ఆ నీళ్ళు వేడిగా ఉండాలన్నాడు మేనేజరు. ఐసు మీద వేడినీళ్ళు! పాపం, పెద్దమనిషికి ఎండాకాలం తగిలిన దెబ్బ ఇంకా దిగలేదనుకుని, ఆయన మనసు నొప్పించడం ఎందుకని సరేనన్నాను. చాటుగా మాత్రం చన్నీళ్ళే పోశాను (దొరికినప్పుడల్లా ఫ్రిజ్ నీళ్ళు కూడా కలిపాను, అంత శ్రద్ధ నాది).

ఐసు పెచ్చులు పెచ్చులుగా లేచింది. మా జట్టుది వేగం మీద నడిచే ఆట. గతుకుల మీద ఆ వేగం చచ్చి మొదటి రెండు మ్యాచులూ పోయాయి. గడ్డం కెప్టెన్ మూడుసార్లు బోర్లా పడ్డాడు, నేను దేవుణ్ణి తలుచుకున్నాను. మూడోవారం మేనేజరు బండి ట్యాంకులో వేలు పెట్టి చూశాడు. వేడినీళ్ళు పైపొరను కాస్త కరిగించి దాంతో కలిసి గడ్డకడతాయని, చన్నీళ్ళు అతుక్కోవని ఓపిగ్గా చెప్పి, చివరికి హిందీలో “ఔర్ ఏక్ గల్తీ, ఖలాస్” అన్నాడు. ఇంకో తప్పు చేస్తే ఇంటికేనన్నమాట. ఆ రోజు నుంచి వేడినీళ్ళే. ఐసు అద్దంలా వచ్చింది. మా జట్టు వరసగా గెలుచుకుంటూ ఫైనల్‌కు చేరింది.

నా మూడు నెలలు పూర్తయ్యే వారంలోనే ఫైనల్. మా బావ తన క్యాంపువాళ్ళను పదిమందిని వెంటేసుకుని, అందరూ దుప్పట్లు కప్పుకుని, కంపెనీ బస్సులో దిగారు. బస్సు నడిపే హైదరాబాదు భాయ్ కూడా కూర్చున్నాడు. ఆట మూడు భాగాలు. రెండు ముగిసేసరికి చెరో రెండు గోల్స్. చివరి భాగానికి ముందు నేను బండి తీశాను. సరిగ్గా మధ్యకు రాగానే అది ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. పదిహేను నిమిషాల్లో ఐసు సిద్ధం కాకపోతే హాలు జట్టు ఓడినట్టేనని రిఫరీ చెప్పాడు. మేనేజరు నావైపు చూసి “ఖలాస్?” అన్నాడు. నా కాళ్ళు చల్లబడ్డాయి (అప్పటికే చల్లగా ఉన్నాయనుకోండి).

ఐసు వైపు చూశాను. కత్తులు గీసిన చాళ్ళు, గుంతలు, పక్కకు లేచిన మంచుపొడి. బురద దున్నాక చదును చేయని మా పొలం అచ్చం ఇలాగే ఉండేది. అంతే, గోడకానించి ఉన్న పొడవాటి చెక్కకు రెండు తాళ్ళు కట్టాను, వెనక తడి గోనెలు తగిలించాను, అందరి కాళ్ళకూ గోనెముక్కలు చుట్టమన్నాను.

“బావా, దిగు!”

“నాకేమెర్కరా ఐసు సంగతి?”

“ఐసు అనుకోకు, మన మడి అనుకో. గుంజు!”

“అంటే నన్ను ఎద్దును జేస్తున్నవారా బామ్మర్దీ?”

“నడువు భాయ్, లెఫ్ట్ ఎద్దు నువ్వు, రైట్ ఎద్దు నేను” అంటూ డ్రైవర్ భాయ్ అప్పటికే తాడు భుజానికి వేసుకున్నాడు.

మిగతావాళ్ళు చచ్చిన బండిని పక్కకు తోశారు. నేను చెక్క మీద నిలబడి “హై! హై! దా! దా!” అని అరిచాను. ఇదంతా ఆటలో భాగమనుకున్నారేమో, జనం లయగా చప్పట్లు మొదలుపెట్టారు. ఒకసారి గీకి మంచుపొడి తీసేశాక, క్యాంపువాళ్ళు బండి ట్యాంకులోని నీళ్ళు బకెట్లలో తెచ్చి గోనెల మీద పోయసాగారు. ఆవిరి చూసి బావ ఆగిపోయాడు. “వేడినీళ్ళారా! కరిగిపోతది గదరా పిచ్చోడా!”

“పైపొర కరిగి కిందిదాంట్ల కలుస్తది బావా, నీకు దెల్వదు. గుంజు!” అన్నాను, ఆ విద్య పుట్టుకతోనే వచ్చినట్టు.

పద్నాలుగో నిమిషంలో ముగించాం. రిఫరీ అరచేత్తో తడిమి, నల్ల బిళ్ళను నెమ్మదిగా తోశాడు. అది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆగకుండా పోయింది. ఆట ఇంకో నిమిషం ఉందనగా గడ్డం కెప్టెన్ ఆ నున్నటి ఐసు మీద బాణంలా దూసుకొచ్చి గోల్ కొట్టాడు. హాలు దద్దరిల్లింది. నేను ఏడ్చేశాను, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గులేదు.

కెప్టెన్ మమ్మల్ని ఐసు మీదికి పిలిచి కప్పు నా చేతుల్లో పెట్టాడు. ఫొటోలో గోనెముక్కలు బాగుండవని నేను అప్పటికే విప్పేశాను. కెమెరా మెరిసిన క్షణంలోనే జారి వెల్లకిలా పడ్డాను, ఎగిరిన కప్పును బావ పట్టుకున్నాడు. మేనేజరు నన్ను లేపుతూ “బహుత్ అచ్ఛా ఐస్ హై” అన్నాడు. కొలువు నిలబడింది.

ఇప్పుడు ఆ హాల్లో కొత్త బండి ఉంది, నీళ్ళ వేడి మీటరే చూసుకుంటుంది, నేను కుర్చీలో కూర్చుంటాను. బావ ఊరికి వెళ్ళిపోయి ఆ ఫొటో గోడకు తగిలించాడు. సెలవు మీద వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు, “కప్పు మీ బావ చేతుల ఉన్నది, మరి నువ్వేడున్నవే?” అని అడుగుతారు. ఫొటో అంచున గాల్లోకి లేచిన రెండు రబ్బరు బూట్ల అడుగులు చూపిస్తాను. పడ్డానని నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ అంత నున్నటి ఐసు నేను మళ్ళీ చేయలేదు.