డాక్టరుగారి పార్కు దగ్గర దిగేవాళ్ళు

"నోరు జారితే సర్దుకుంటామమ్మా. నువ్వు జారటం లేదు, కావాలనే అంటున్నావు."

"కావాలని అనటానికి ఆ డాక్టరు నాకేమన్నా మేనమామా? నాకు ఆయనా తెలీదు, మీ సేనాపతీ తెలీదు."

"మా సేనాపతి అంటావేం? ఆయన అందరి మనిషి."

"అయితే ఆయన్నే మీ టిక్కెట్టు తీసుకోమనండి. మీరింకా తీసుకోలేదు."

బస్సంతా నవ్వింది. డ్రైవరు నవ్వలేదు. అతని వెనక సీట్లోనే ఇన్‌స్పెక్టరు కూర్చుని, ఈ గొడవంతా చెవులు రిక్కించి వింటున్నాడు.

గొడవ పడుతున్నది చేతిలో గొడుగున్న ఒక పెద్దమనిషీ, ఈ బస్సు కండక్టరూ. ఆమెను డిపోలో మైకక్క అంటారు. తండ్రికి చెవుడు కావటంతో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళంతా అరిచే మాట్లాడటం నేర్చుకున్నారు. వాచీలు బాగుచేసుకునే మొగుడు చెవుల్లో దూది పెట్టుకుని కాపురం చేస్తున్నాడని ఆమే చెప్పుకుని నవ్వుతుంది. ఇంట్లో పనికిరాని ఆ గొంతే బస్సులో అన్నం పెడుతోంది.

వంతెనకు ముందున్న పార్కుకి మొన్నమొన్నటిదాకా ఒక డాక్టరు పేరుండేది. పూర్వం అంటురోగం వచ్చి జనం పారిపోతుంటే, ఊరు వదలకుండా రోగుల్ని చూసిన మనిషట. ఆయన పేరు తీసేసి, అంతకన్నా ముందెప్పుడో కోటను కాపాడిన సేనాపతి పేరు పెట్టారు. ఊరు రెండు ముక్కలై గోడల మీద తిట్టుకుంటోంది. బోర్డు ఒక్క పూటలో మారింది గాని, మైకక్క నోరు మారలేదు.

ఆమె స్టాపుల్ని విడివిడిగా నేర్చుకోలేదు. గడియారం, గంటల బడి, డాక్టరుగారి పార్కు, వంతెన. అంతా ఒక్క ఊపిరి. మధ్యలో ఒక పూస మారిస్తే దండంతా జారిపోయేది. సేనాపతి అని గుర్తుపెట్టుకుంటే వంతెన మర్చిపోయేది. వంతెన గుర్తుకొస్తే డాక్టరు దూరిపోయేవాడు. అప్పటికే రెండు ఫిర్యాదులు వెళ్ళాయి. ఇంకొక్కటి వెళితే బస్సు దింపేసి, డిపోలో టిక్కెట్ మిషన్లకు ఛార్జింగు పెట్టే గదిలో కూర్చోబెడతారు.

"ఆ గదిలో ఎవరిని పిలవనురా తమ్ముడూ?" అని పొద్దున్నే డ్రైవరుతో అంది. అతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అది అయ్యేదీ కానిదీ ఈ ఇన్‌స్పెక్టరు చేతిలోనే ఉంది.

గంటల బడి దాటింది. అద్దంలో మైకక్క పెదాలు కదులుతున్నాయి. లోపల్లోపల వల్లెవేసుకుంటోంది. డ్రైవరు పార్కు ముందు బస్సు నెమ్మది చేశాడు.

"సేనాపతి పార్కు," అంది. అంతే, ఒక్క పేరే. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం అతను ఎప్పుడూ వినలేదు. గొడుగాయన గెలిచినట్టు తలూపాడు. దిగేవాళ్ళు దిగారు. బెల్లు మోగింది. బస్సు కదిలింది.

అప్పుడు చూసిందామె, వెనక తలుపు పక్క సీట్లో చూపులేని సంగీతం మాస్టారు కర్ర ఒళ్ళో పెట్టుకుని నింపాదిగా కూర్చుని ఉండటం. ఎప్పుడూ ఈ పార్కు దగ్గరే దిగేవాడు. పేరు మారకముందే చెల్లెలి ఊరు వెళ్ళిన మనిషి, ఇవాళే తిరిగొచ్చాడు, కొత్త పేరు తెలీదు. దాటితే వంతెన. అక్కడ నడవటానికి దారి లేదు, లారీలు మీదికొచ్చేస్తాయి.

"డాక్టరుగారి పార్కు. మాస్టారూ, డాక్టరుగారి పార్కు, దిగండి."

ఆ కేకకు బస్సు అద్దాలు అదిరాయి. డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"ఏమ్మా, పార్కునెవరన్నా ఎత్తుకుపోయారా? పిలవకుండా పోతున్నావు," అన్నాడు మాస్టారు లేస్తూ.

"ఎత్తుకుపోలేదులెండి. మెట్టు చూసుకు దిగండి."

"చూసుకునేవాణ్ణయితే నీ కేకెందుకే తల్లీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టారి కర్ర చప్పుడు పార్కు గోడ వెంట దూరమయ్యేదాకా బస్సు కదల్లేదు.

"దిగండి అంటే సరిపోయేదిగా? ఆ పేరెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ నోరైతే సరిపోయేదేమో సార్."

"సాక్షిగా నేనున్నా," అన్నాడు గొడుగాయన.

ఇన్‌స్పెక్టరు డ్రైవరు భుజం తట్టాడు. "రేపు డిపోలో నిన్నడుగుతా. ఏం విన్నావో చెప్పాలి. ఆలోచించుకుని రా."

ఆఖరి స్టాపులో ఇద్దరే మిగిలారు. డ్రైవరు ఇంజను ఆపి, తల తిప్పకుండానే అన్నాడు. "అక్కా, ఇంజను చప్పుడులో నాకేమీ వినపడలేదంటాను. నీకూ గొడవుండదు, నాకూ ఉండదు."

మైకక్క వచ్చి బానెట్ మీద కూలబడింది.

"నా కేక వినపడలేదంటే ఎవడు నమ్ముతాడురా? పరువు తీయకు. విన్నానని చెప్పు. డాక్టరుగారి పార్కనే అరిచిందని చెప్పు. నేను అరిచాక ఎవరు దిగారో కూడా చెప్పు తమ్ముడూ. వాళ్ళు అడగరు. అడక్కపోయినా చెప్పు."