పై వాటాలో విలన్

మొన్న కాలేజీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, ప్లేలో నాకు విలన్ రోల్ వచ్చింది! మన పాత ఇంట్లో పై వాటా తాత ఇక్కడ ఉంటే ఫస్ట్ ఆయనకే చెప్పేదాన్ని," అంది. కంగ్రాట్స్ చెప్పి, పొయ్యి మీద కూర ఉందని ఫోన్ పెట్టేశాను. కూరా లేదు, ఏమీ లేదు. ఆ తాత మాటెత్తితే పన్నెండేళ్ళ తర్వాత కూడా నాకు తలెత్తాలనిపించదు.

అప్పట్లో మేం అమెరికాలో, పిస్కాటవేలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పై వాటాలో గ్రీకు దంపతులు. ఆయనవి గుబురు కనుబొమలు, బొంగురు గొంతు. కుండీలో మన తులసికి చెల్లెలిలాంటి మొక్కను పెంచుతూ, మెట్ల మీద ఎదురైనవాళ్ళకి ఒక రెమ్మ తుంచి ఇచ్చేవారు. స్కూల్ బస్ మూడున్నరకే వచ్చేది, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరయ్యేది. అంతసేపూ రెండో క్లాసు చదివే మా పిల్ల వాళ్ళింట్లోనే. ఆవిడ పెరుగులో తేనె వేసి పెట్టేది, ఆయన గొంతులు మార్చి మార్చి దాని చేత కథలు చదివించేవారు. వాళ్ళ దేశంలో ఆయన సినిమా నటుడు. హీరో అవుదామని ఏథెన్స్ వెళితే, డైరెక్టర్ ఆ కనుబొమలు చూసి చేతిలో కత్తి పెట్టాడట. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళూ అదే కత్తి. "ఒక్క సినిమాలోనూ క్లైమాక్స్ దాటి బతకలేదు," అని నవ్వేవారు. బజారుకెళితే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారట. టీవీలో విలన్ కనిపించగానే మెటికలు విరిచే మా అమ్మమ్మ గుర్తొచ్చి నేను పడీపడీ నవ్వాను.

ఒకరోజు లంచ్ టైమ్‌లో ఊరికే ఆయన పేరు కొట్టి వెతికితే ఓ నలుపు తెలుపు సినిమా ముక్క దొరికింది. ఏడుస్తున్న చిన్నపిల్లని ఆయన గుర్రబ్బండిలోకి ఈడ్చేస్తున్నారు. భాష తెలియదు గానీ ఆ చూపు తెలిసింది. ఆ సినిమా ముక్కని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, ఏం చేయమంటారని అడిగాను. "యాక్టింగే అనుకోండి, మరీ అంత నేచురల్‌గా ఎలా చేస్తాడండీ? ఆడపిల్ల కదా, రిస్క్ ఎందుకు?" అంది ఒకావిడ. మాస్టర్స్ చేసినదాన్ని, నాకది సబబుగానే తోచింది.

ఆ సాయంత్రం పైకెళ్ళి, రేపటి నుంచి క్లాసులయ్యాక పిల్లని స్కూల్లోనే ఆఫ్టర్‌కేర్‌లో ఉంచుతున్నానని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, నెమ్మదిగా, "ఏ సినిమా చూశావమ్మా?" అని అడిగారు. గుర్రబ్బండి అని గొణిగాను. "అయితే అందులో బాగానే చేశానన్నమాట," అన్నారు. ఈసారి నవ్వలేదు. ఆవిడ మా పిల్ల బ్యాగు తెచ్చి, జిప్ వేసి నా చేతికిచ్చింది.

మర్నాడు పార్కింగ్‌లో మా పిల్ల "తాతా!" అంటూ పరిగెత్తబోతే, ఆయన వినపడనట్టు కార్ల వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. ఇలా తప్పుకోవడం ఆయనకి కొత్త కాదని అప్పుడు తట్టింది. "తాతకి నా మీద కోపమా?" అని అడిగింది పిల్ల. బిజీ అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా పైకి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు వాళ్ళక్కడే ఉండి, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆఫీసుకి రోజూ రానూపోనూ మూడు గంటలు డ్రైవ్ చేసినదాన్ని, పద్నాలుగు మెట్లెక్కి ఒక్క సారీ చెప్పడానికి మాత్రం ఆ ఎనిమిది నెలల్లో నాకు తీరిక దొరకలేదు.