నాయనమ్మ ఇత్తడి, పిన్ని సత్తు

మా చిన్నప్పుడు... పిన్ని కాపురానికొచ్చిన రోజున నాయనమ్మ ముందు చూసింది కొత్తకోడలి మొహం కాదు, ఆవిడ సామాన్లలో ఉన్న సత్తు తపేలా. పైకి తీసింది. వేలి కణుపుతో టకటకా కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుని వింది.

"మోతే లేదు," అంది. "ఇది గిన్నె కాదే అమ్మాయ్, అప్పడం."

అలా మొదలైంది యుద్ధం. చరిత్ర పుస్తకాల్లో దీని ప్రస్తావన లేదు... బీఏ దాకా వెతికాను కనుక చెబుతున్నాను.

నాయనమ్మ గిన్నెల్ని చూసి కొనేది కాదు, విని కొనేది. కాలవ మీద పడవలో ఏలూరు వెళ్ళి, కొట్టు ముందు పీటేసుకుని, ఇరవై ఇత్తడి గిన్నెలు మోగించి ఇరవై ఒకటోది తీసుకునేది. పిన్నిది తాడేపల్లిగూడెం. వాళ్ళ నాన్న ముచ్చటపడి కొనిచ్చిన ఆ తపేలాని కొట్టువాడు అల్యూమినియం అన్నాడట. మా కొల్లేటి ఒడ్డు ఊళ్ళో అంత పెద్ద మాట పట్టలేదు... సత్తు అన్నాం.

అత్తాకోడళ్ళు రెండు నెలలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అన్నీ నా ద్వారానే. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది కనుక తొమ్మిదేళ్ళకే నాకా రాయబారం దక్కింది. మావైపు పోట్లాటలో కూడా మర్యాద తప్పరు... అండీ చేర్చి మరీ పొడుస్తారు.

"అమ్మడూ, నాయనమ్మగారితో చెప్పు. బరువుంటేనే గొప్పయితే, రోట్లోనే వండుకోవచ్చండీ అని."

"మీ పిన్నితో చెప్పు. గాలికి ఎగిరిపోతుందేమో, ఆ రోలు దాని తపేలా మీద పెట్టుకోమను."

చెప్పేదాన్ని. ఒక్క మాట పోకుండా... వీలైతే ఒకటి కలిపి.

నిజానికి తగువు గిన్నెల గురించి కాదు, ఉప్పు గురించి. మా ఇంట్లో పొయ్యి ఎవరు ఊదినా, పులుసులో ఉప్పు మాత్రం నాయనమ్మే వెయ్యాలి. జాడీ ఆవిడ పీట పక్కనే ఉండేది. పుట్టింట్లో పన్నెండో ఏటి నుంచీ పదిమందికి వండిపెట్టిన పిన్ని, ఇక్కడ గరిటె పట్టుకుని, అత్తగారు తీరిగ్గా వచ్చి చిటికెడు వేసేదాకా పొయ్యి ముందు నిలబడేది. ఆ నిలబడ్డమే ఆవిడకి భరించరానిది.

ఒకరోజు దోనెలో మంచి కొరమేనులు వచ్చాయి. తాతయ్య విసిగిపోయి ఉన్నాడు. "ఎవరి గిన్నెలో వాళ్ళు వండండి. ఎవరి ఉప్పు వాళ్ళు వేసుకోండి. పొద్దున్న చద్దన్నంలోకి చూద్దాం," అన్నాడు. చేపల పులుసు మావైపు వండిన పూట తినరు మరి. రాత్రంతా ఊరాలి.

"నాది బాగుంటే ఉప్పు జాడీ నాకివ్వాలని చెప్పమ్మా," అంది పిన్ని.

"బాగోకపోతే ఆ తపేలాలో కోళ్ళు నీళ్ళు తాగుతాయని చెప్పు," అంది నాయనమ్మ.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ నూతి దగ్గర కూర్చుని ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి గిన్నె తోమింది. "నిన్నగాక మొన్నొచ్చింది" అని ఒక రుద్దు. "నాకు వంట నేర్పుతుందట" అని ఇంకో రుద్దు. తిట్లు అయ్యేదాకా చెయ్యి ఆగలేదు. తిట్లు చాలా ఉన్నాయి...

ఇత్తడి గిన్నెకి లోపల తెల్లగా కళాయి పూత ఉంటుంది. అదుంటేనే పులుపు ఇత్తడిని అంటదు. అడుగున రూపాయంత మేర పచ్చటి ఇత్తడి తేలడం నేను చూశాను.

"నాయనమ్మా, కళాయి పోయింది."

"ఎండ పడి అలా కనపడుతోంది."

గిన్నెని నీడలోకి జరిపి చూపించాను.

"అయితే తప్పు నీ కళ్ళది," అంది.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ మూత తీసింది. పులుసు అంచు చుట్టూ ఆకుపచ్చగా కిలుము. పిన్ని పెదవి కొరికి నవ్వు ఆపుకుంది... తన మూత తీసేదాకా. పులుపు సత్తునీ వదల్లేదు. పులుసు బూడిద రంగు, తపేలా అడుగంతా నల్లటి మచ్చలు.

తాతయ్య ఎదురుగా ఒట్టి చద్దన్నం.

"మా అమ్మ మట్టి దాక అటక మీదే ఉంది కదా," అన్నాడు నాయనమ్మతో మెల్లిగా. "నువ్వు ఇత్తడి గిన్నె తెచ్చుకున్న వారానికి అటకెక్కింది. అమ్మ కూడా అప్పుడు నీ గిన్నెని కొట్టి చూసింది. మోత ఎక్కువంది."

నాయనమ్మ నన్ను అటకెక్కించి దాక దింపించింది. రెండు పులుసులూ పెంట గోతిలో పోసి, నీళ్ళ తొట్టిలో ఇంకా బతికున్న చేపల్ని పిన్ని ఆ దాకలో వండింది. పులుసు తెర్లుతుండగా నాయనమ్మ రెండు వేళ్ళతో ఉప్పు జాడీ అటు జరిపింది.

"వెయ్యి. ఎక్కువైతే ఊరుకోను."

"ఊరుకోరని తెలుసండీ," అంది పిన్ని. రెండు నెలల్లో మొదటిసారి మధ్యలో నేను లేకుండా.

ఉప్పు ఎక్కువే అయింది. మర్నాడు నాయనమ్మ రెండోసారి పోయించుకుని మరీ ఆ సంగతి చెప్పింది.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. మొన్న సెలవులకొస్తూ మద్రాసులో కొత్తరకం గిన్నె ఒకటి కొన్నాను. స్టెయిన్‌లెస్ స్టీలట... కళాయి అక్కర్లేదు, పులుపు అంటదు, నల్లబడదు అని కొట్టువాడు ఒట్టేశాడు. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పింది. వేలి కణుపుతో కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుంది.

"మోతే లేదు..." అని ఆగిపోయింది. ఎదురు మాట కోసమేమో, ఖాళీ పీట వైపు చూసింది.

ఇప్పుడు మా వంటింట్లో పులుసు చెడదు, తగువూ లేదు. ఎంత చప్పగా ఉందో చెప్పలేను...

మీ అటక మీద ఎవరి గిన్నె ఉందండీ? ఎక్కించిందెవరు? రాయండి. ఒక్క మాట పోకుండా అందరికీ చెబుతాను... వీలైతే ఒకటి కలిపి.