సరంగు గారితో పాపికొండలకి

రాజమండ్రిలో ముప్పై ఏళ్లుగా గాజుల కొట్టు నడుపుతూ ఇంతవరకు పాపికొండలు చూడలేదంటే ఎవరూ నమ్మరు. "కొట్టు మూసి నువ్వెక్కడికి కదుల్తావులే" అని మా చెల్లెలు ఎత్తిపొడిచిన మర్నాడే టికెట్టు తీశాను. పన్నెండు వందల యాభై. టిఫినూ భోజనమూ అందులోనే.

ఆదివారం ఉదయం ఏడింటికి బస్సు. తొమ్మిదిన్నరకు గండి పోచమ్మ గుడి రేవులో లాంచీ ఎక్కించి లైఫ్ జాకెట్లు తొడిగించారు. నాది చంకల కింద పట్టేసి రోజంతా ప్రాణం తీసింది. ఇడ్లీ చల్లారిపోయింది, ఉప్మా ఫరవాలేదు. గైడు మైకులో పాటలు పెడుతూ, గుర్తొచ్చినప్పుడు కొండల పేర్లు చెబుతున్నాడు.

పై అంతస్తులో నా పక్కన ఒక జంట కూర్చుంది. అంతర్వేది దగ్గర చేపలమ్ముకునే సత్యవతి గారు, ఆవిడ భర్త వీర్రాజు గారు. ఆయన ఒకప్పుడు భద్రాచలం దాకా లాంచీ నడిపిన సరంగు. మానేసి పదేళ్లయింది. ఇప్పుడు ఈ లాంచీ యజమాని మళ్లీ పనిలోకి రమ్మన్నాడట. ఒకసారి నది చూసుకుని సాయంత్రం చెబుతానన్నారట ఈయన.

"ఈయన ఒప్పుకోకూడదని ఇందాక పోచమ్మ తల్లికి మొక్కుకున్నానండి," అన్నారావిడ నా చెవిలో. "నేను బుట్ట ఎత్తుతుంటే మాకు గడవట్లేదా? ఈయన నీళ్ల మీదుంటే నాకు కంటి మీద కునుకుండదండి."

వీర్రాజు గారు కొండలకేసి చూడనే లేదు. "ఇప్పుడు కుడికి తిప్పుతాడు చూడండమ్మా, ముందర రాళ్లున్నాయి," అన్నారు. లాంచీ తిన్నగా పోయింది. "ఇక్కడ ఇసక మేటండి, ఇంజను తగ్గించాలి." తగ్గించలేదు. దిగువన కొత్తగా కట్టిన ఆనకట్ట నీళ్లు వెనక్కి నిండడంతో ఆయనకు తెలిసిన రాళ్లూ మేటలూ లోతున ఉండిపోయాయి.

పదకొండున్నరకు కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చాయి. నీళ్లు నల్లగా, గాలి చల్లగా ఉంది. మైకు కూడా కాసేపు ఆపి గైడు పుణ్యం కట్టుకున్నాడు. పేరంటపల్లిలో గంటసేపు ఆగాం: శివాలయం, వెదురు బుట్టలు. భోజనంలో చేపల పులుసు చూసి, "చెరువు చేపండి ఇది," అని సత్యవతి గారు ఒక్క మాటలో తేల్చేశారు. ఆయన మాత్రం అన్నం కెలికి వదిలేశారు.

ఐదున్నరకు రేవు చేరాం. లాంచీ నడిపినతను దిగొచ్చి వీర్రాజు గారితో, "ఏం బాబాయ్, ఎప్పట్నించి వస్తున్నావు?" అన్నాడు.

"నాకు తెలిసిన గోదారి కాదురా ఇది. నేను స్టీరింగ్ పడితే ఇంతమంది ప్రాణాలు గాల్లో పెట్టినట్టే. రాలేనని మీ ఓనరుకి చెప్పు."

నా మనసు చివుక్కుమంది. కోరుకున్నదే జరిగింది కదా అని ఆవిడ ముఖం చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

వెళ్లేవాళ్లు పై అంతస్తులో ముందు వరస పట్టుకోండి, ఇంటి నుంచి కాస్త ఊరగాయ తీసుకెళ్లండి. కొండలు డబ్బుకి న్యాయం చేస్తాయి.

తిరుగు బస్సులో వాళ్లిద్దరూ నా ముందు సీట్లో కూర్చున్నారు. సీతానగరం దాటాం. అప్పుడు ఆవిడ, "ఏవయ్యా, అప్పట్లో లాంచీ భద్రాచలం దాకా ఎలా తీసుకెళ్లేవోడివి? నాకెప్పుడూ చెప్పలేదు," అన్నారు.

"ఇప్పుడెందుకే అయ్యన్నీ?"

"చెప్పవయ్యా, వింటాను."

ఆయన రెండు చేతులూ గాల్లోకెత్తి, ఎడమకి తిప్పుతూ మొదలుపెట్టారు. ఆగినప్పుడల్లా ఆవిడ "ఊఁ, తర్వాత?" అంటూనే ఉన్నారు. రాజమండ్రి వచ్చి అందరూ దిగుతున్నా నేను లేవలేదు. ఆయన లాంచీ ఇంకా భద్రాచలం చేరలేదు.