గంజి తాగిన నేల

మొన్న ఆదివారం ఆదోనిలో మేం కొత్తగా కట్టుకున్న ఇంటి వెనక మా ఆయన టేపు పట్టుకొని అటూ ఇటూ తిరిగి, తూర్పు మూల దగ్గర ఆగాడు. "ఈడ పెడితే కరెక్టు. పొద్దుటెండ పడతాది, కొళాయి దగ్గర, గాలికి గోడ అడ్డం" అన్నాడు. పెరటి తోటకు చోటు చూడటంలో ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఇలాంటి మాటలే ఒకప్పుడు ఎమ్మిగనూరులో నేనూ చెప్పాను, అందుకే ఆ మూలనే చూస్తూ నిలబడ్డాను. నేను ఒప్పుకున్నాననుకొని ఆయన గడ్డపార వెతకడానికి పోయాడు. ఇన్నేళ్ల కాపురంలో నా మౌనాల్లో రకాలుంటాయని ఆయనకు ఇంకా తెలియలేదు.

మాది కౌతాళం. మా నాన్న మగ్గం వదిలేసి కాలవ కింద కౌలు సేద్యంలో పడ్డాడు కాబట్టి నాకు నూలు కంటే కలుపు బాగా తెలుసు. పెళ్లై ఎమ్మిగనూరు మగ్గాల వీధికి వచ్చాక పచ్చటి ఆకు కనపడక దిగులేసేది. మా అత్తగారింటి వెనక పొడవాటి దొడ్డి, ఈ చివరొక గుంజ, ఆ చివరొక గుంజ. తెల్లవారుతూనే అత్తా మామా వాటి మధ్య పడుగు నూలు సాగదీసి, కాచిన గంజి పూసి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టేవాళ్లు. గంజి పట్టిన దారమే మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. పడుగు లేని రోజుల్లో ఆ దొడ్డి ఊరికే పడి ఉండేది, అంటే నా కంటికి. ఒకరోజు ఆ మన్ను పిడికిట్లోకి తీసుకుంటే నల్లగా, మెత్తగా ఉంది. వీధంతా గట్టి నేలైతే ఇక్కడ మాత్రం ఇంత మంచి మన్ను ఎక్కడిదని నాకు తోచనే లేదు.

"అత్తా, ఈడ వంగ, టమాటా బాగొస్తాయి. ఆ పక్క అంతా నీడే" అన్నాను. మొదటి కాన్పు నిలవక నేను ఎవరితోనూ సరిగా మాట్లాడని రోజులవి. నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. అత్త నా మొహంలోకి చూసి, "పెట్టుకోమ్మా. పడుగుదేముంది, వీధిలో సాగదీసుకుంటాం" అంది. మామ ఏదో అనబోతే "నువ్వు సుమ్మనుండు" అని ఆయన నోరు మూయించింది. గుంజలు కూడా తనే పీకింది.

తోట విరగకాసింది. వంకాయలు వీధంతా పంచి, పొగడ్తలకు పొంగిపోయాను. ఆ వీధిలోనే అత్త పడుగు. బండి వచ్చిన ప్రతిసారీ నూలు ఎత్తి పట్టుకోవాలి. తడి దారానికి దుమ్ము అంటి, మగ్గమెక్కాక పోగులు తెగేవి, రోజంతా అతుకులే. ఒక ఉదయం ఒక ట్రాక్టరు పడుగును ఈడ్చుకుపోయింది. అత్తా మామా వీధి మధ్య కూర్చొని పోగులు ఏరుతుంటే నేను వంకాయల గంపతో గుమ్మంలో నిలబడ్డాను. "చెట్లు పీకేస్తా అత్తా" అన్నాను. "కాసే చెట్టును ఎవురన్నా పీకుతారామ్మా?" అంది. ఆమె వద్దంటుందని తెలిసే అన్నాను. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ ఏడాదే మామ నేత మానేసి, ఇంట్లో మగ్గం గుంట పూడ్చేశాడు. "ఊర్లో ఎన్ని మగ్గాలు ఆగిపోల్యా, అన్నీ నీ వంగచెట్లే మింగినాయా?" అని మా ఆయన నవ్వుతాడు. నిజమే కావచ్చు, నాకు మాత్రం ఆ నవ్వు ఎక్కదు. మరుసటి కాపుకే చెట్లు వడలిపోసాగాయి. ఎరువేసినా లాభం లేకపోయింది. ఒక పొద్దున దొడ్లోకి వెళ్తే అత్త, పడుగుకు కాచినట్టే గంజి కాచి తెచ్చి, ఒక్కో చెట్టు మొదట్లో పోస్తోంది. "ఇన్నేండ్లు మా గంజి కారి కారి బలిసిన మన్నమ్మా ఇది. ఇప్పుడు దానికి ఆకలైతాంది" అంది. నిష్ఠూరంగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నా చెట్ల మీద జాలితో అంది.

గడ్డపార చప్పుడుకు ఈ లోకంలోకి వచ్చాను. "ఆడ తవ్వొద్దు. అది అత్త మంచానికి" అన్నాను. మామ పోయాక అత్త మా దగ్గరే ఉంటోంది, మోకాళ్లు పట్టేసి తనంతట లేవలేకపోతోంది. లోపల్నుంచి వింటూనే ఉన్నట్టుంది, "నాకెందుకమ్మా ఎండ, చెట్లకియ్యి" అని కేకేసింది. ఈసారి నేను వినలేదు. తోటను పడమటి నీడకు జరిపించాను, అక్కడ కొత్తిమీరైనా వస్తుందో రాదో.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మంచం వాల్చి, ఆమెను చెయ్యి పట్టుకొని తెచ్చి కూర్చోబెడుతున్నాను. ఆమె చేతుల నిండా పని ఉన్ననాడు ఆమె పొద్దుటెండను నా తోటకు తీసుకున్నాను. ఇన్నాళ్లకు తిరిగి ఇస్తే, ఆరబెట్టడానికి పడుగు లేక, అది మోకాళ్లకు కాపడమే అవుతోంది.