మిద్దె మీద నూట ఎనిమిది బంతులు

మా అమ్మాయి నడుము పాడవడానికి కారణం కోచ్ సారేనని నేను చాలామందికి చెప్పాను. బంధువులకు చెప్పాను, మా వీధిలో వాళ్లకు చెప్పాను, గ్రౌండ్‌కి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అది అబద్ధం. జరిగింది ఇది.

మాకు వడమాలపేటలో పైపులు, బోల్టులు, మోటారు సామాన్లు అమ్మే కొట్టు ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన మిద్దె. అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లు. ఫాస్ట్ బౌలర్. వారానికి ఐదు సాయంత్రాలు తిరుపతిలో గ్రౌండ్‌కి తీసుకుపోయేవాణ్ణి. కోచ్ సారు తానూ ఒకప్పుడు ఫాస్ట్ బౌలరే, నడుము దెబ్బతిని ఆట మానేసిన మనిషి. అందుకేనేమో ఆ వయసు పిల్లల చేత రోజుకు ఆరు ఓవర్లు, అంటే ముప్పై ఆరు బంతులు మించి వేయించేవాడు కాదు. "ఇంటికాడ ఒక్క బాల్ కూడా వద్దన్నా. ఎదిగే ఎముక అది" అని నాతో రెండు మూడుసార్లు అన్నాడు. నేను తల ఊపేవాణ్ణి.

జిల్లా సెలెక్షన్లు రెండు నెలల్లో ఉన్నాయనగా నాకు భయం పట్టుకుంది. పిల్ల జట్టులోకి రాకపోతే ఇన్నాళ్లూ తిరిగిందంతా ఏమైపోతుందని. ఒక శనివారం అలిపిరి మెట్ల దగ్గర టెంకాయ కొట్టి మొక్కుకున్నాను. మండలం, అంటే నలభై ఎనిమిది రోజులు, రోజూ పొద్దున్నే నూట ఎనిమిది బంతులు వేయిస్తాను, పిల్లను జట్టులో చేర్చు స్వామీ అని. మా వైపు నూట ఎనిమిది ప్రదక్షిణాలు మొక్కుకుంటారు, నూట ఎనిమిది టెంకాయలు మొక్కుకుంటారు. ఎవరి మొక్కు వాళ్ల కాళ్లతోనే తీర్చుకుంటారు. నేను మొక్కింది నా కూతురి నడుముతో తీర్చే మొక్కు.

సామానంతా నా చేతులతో నేనే అమర్చాను. మిద్దె మీద ఇనుప పైపులు నిలబెట్టి, బంతి వీధిలో పడకుండా చుట్టూ నైలాన్ వల కట్టాను. బరువైన ఇనుప పలకకు పైపు ముక్క వెల్డింగ్ చేయించి ఒంటి స్టంపు తయారుచేశాను. దాని వెనక టార్పాలిన్ వేలాడదీశాను. బంతి పడే చోట కొబ్బరి పీచు మ్యాట్ పరిచి, దాని మీద సున్నంతో గళ్లు గీశాను. బకెట్టు నిండా బంతులు పెట్టాను. మిద్దె పొడవు చాలదు గనక నీళ్ల ట్యాంకు దగ్గర్నుంచి నాలుగడుగులే పరుగు. పరుగులో రాని వేగమంతా ఆమె నడుములోంచి తీయాలి. పైగా మ్యాట్ బంతి పడే చోట వేశానే గానీ, వేసేటప్పుడు ఆమె ఎడమ కాలు పడే చోట వేయలేదు. అక్కడ ఒట్టి కాంక్రీటు. బంతి గీసుకుపోకుండా జాగ్రత్తపడ్డాను. కాలి సంగతి తోచనే లేదు.

"సార్ అడిగితే ఇంటికాడ ఎయ్యడం లేదని చెప్పు" అన్నాను. పాప సరేనంది.

వారం తిరగకముందే ఎదురుగా ఉండే టీ అంగడాయన పట్టుకున్నాడు. "ఏమప్పా, నా పాలు పొంగకముందే మీ మిద్దె మింద దడదడ మొదులైతాది. రోలు దంచతా ఉండారా?"

"మా ఆడోళ్లు కారం దంచతా ఉండార్లే."

"దినామూ కారమేనా? కడుపులో మంట లేదా మీకు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, గ్రౌండ్‌కి పోయే వాళ్లెవరైనా అక్కడ టీ తాగుతూ ఈ మాట వింటారేమోనని భయం వేసింది. మర్నాడే టార్పాలిన్ వెనక పాత పరుపు కట్టాను, శబ్దం తగ్గడానికి.

పాపకు నెలలో ఆ మూడు రోజులు వచ్చాయి. "మొక్కంటివి గదా, ఈ మూడు దినాలన్నా ఆపయ్యా" అంది నా భార్య. "ఇదేమన్నా పూజానే? ఆటే గదా" అన్నాను. ఇరవై ఏడో రోజు పాప బంతి పట్టుకుని నిలబడిపోయింది.

"నాయనా, ఎడమ పక్క నడుం పట్టేస్తా ఉండాది. ఈ పొద్దొద్దు."

"ఇది ఆట కాదు పాపా, మొక్కు. నడమన ఆపితే స్వామి ఊరుకుంటాడా?"

"మొక్కింది నువ్వు గదా. నువ్వే ఎయ్యి."

వాళ్లమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొక్కు తప్పితే ఆ దెబ్బ పిల్ల మీదే పడుతుందని నిజంగానే భయపడ్డాను. నడుముకు మందు రాసి, వేడినీళ్ల కాపడం పెట్టి, వేయించాను.

ముప్పై మూడో రోజు, సగం బంతులు దాటాక, ఒక బంతి వదిలి అలాగే కింద కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. రెండు చేతులూ నేలకు ఆనించి, "లేయలేకుండా ఉండా నాయనా" అంది. నేనూ నా భార్యా పట్టుకుని మెట్లు దించాం. తిరుపతి వచ్చేదాకా ఆటోలో ఆమె కాలివేళ్లు నొక్కుతూనే ఉన్నాను. "తెలస్తా ఉండాదా? ఇప్పుడు?"

"తెలస్తా ఉండాది. గిల్లబాక."

స్కాన్ చూసి డాక్టరు నడుము దగ్గర వెన్నుపూసలో సన్నని చీలిక వచ్చిందన్నాడు. నాలుగు నెలలు బెల్టు, బరువు ఎత్తకూడదు, వంగకూడదు. నడక పోదు కదా అని అడిగాను. పోదన్నాడు. తర్వాత, "రోజుకు ఎన్ని బాల్స్ వేస్తుంది?" అని పాపను అడిగాడు. ఆమె నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "కోచింగ్‌లో ఎన్ని వేయిస్తారో మాకేం తెలుసు సార్."

పాప నన్ను చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది.

ఒకసారి అన్నాక ఆ అబద్ధాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. ముగ్గురు నలుగురు పిల్లల్ని మాన్పించారు. కోచ్ సారు రెండుసార్లు ఫోన్ చేసి పాప ఎలా ఉందని మాత్రం అడిగాడు. కొట్టు ముందు బైకు ఆగితే ఆయనేనేమోనని తల వంచుకునేవాణ్ణి.

నాలుగు నెలల తర్వాత డాక్టరు మెల్లగా బంతి పట్టుకోవచ్చన్నాడు. గ్రౌండ్‌కి పోదామంటే పాప కదల్లేదు.

"ఇంట్లో ఎయ్యలేదని సార్‌కి ఒట్టేసినా. నువ్వేమో ఆయన్ని ఊరంతా తిట్టినావు. ఆడ అందురి ముందర నువ్వు నిజం చెప్పేదాకా నేను గ్రౌండ్ తొక్కను."

తొమ్మిది రోజులు వాయిదా వేశాను. ఆట మానేస్తే మానేసింది అని కూడా ఒకరోజు అనుకున్నాను. ఆ రోజు ఆమె టీవీలో మ్యాచ్ వస్తుంటే లేచి లోపలికి పోయింది. పదో రోజు సాయంత్రం ఒక్కణ్ణే వెళ్లాను.

కోచ్ సారు వల మడుస్తున్నాడు. చెప్పేశాను. మొక్కు, మిద్దె, డాక్టరు దగ్గర అన్న మాట, అన్నీ.

"తెలుసన్నా" అన్నాడు వల వదలకుండా. "ఆమె ఎడమ బూటు మడమ నెలకే అరిగిపోయింది. మా మట్టి మింద అట్లా అరగదు. అడిగితే లేదు సార్ అనె, ఏడ్చె. ఇంగ అడగలేదు. గట్టిగా అడిగుండాల్సింది."

"మరి మీరు ఎవురికీ చెప్పలేదే?"

"ఏం చెప్పేది? నా పేరు కోసరం ఆ పిల్లను అబద్ధాలకోరని చెప్పమంటావా? నాకు కాదన్నా, వాళ్లకి చెప్పు." మెట్ల మీద కూర్చున్న తల్లిదండ్రుల్ని చూపించాడు.

మెట్ల వైపు నడిచాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. చివరిదాకా చెప్పాను. కొడుకుని బ్యాటింగ్‌కి తీసుకొచ్చిన ఒక తల్లి లేచి నిలబడింది. "నీ మాట ఇని మా పెద్ద పాపను మాన్పిస్తిమే! సెలెక్షన్లు గూడా పోయె దానికి. ఇప్పుడొచ్చి చెప్తే ఏమైతాది?" నేను వెనక్కి తిరిగితే కోచ్ సారు, "రేపు పాపను తీసుకురా అన్నా" అన్నాడు.

ఇంటికొచ్చి పాపకు చెప్పాను.

"అందురి ముందరా?"

"అందురి ముందరే."

"సార్ ఏమనె?"

"రేపు తీసుకురమ్మనె."

"అమ్మతో పోతా. నువ్వు రాబాక" అంది.

"సార్ వద్దన్నాడా?"

"ఆయనేం అనలేదు. నువ్వు ఆడ కూచోనుంటే, నొప్పి పుట్టినా నేను చెప్పలేను నాయనా."

మర్నాడు మధ్యాహ్నం వాళ్లిద్దరూ బస్సెక్కారు. నేను కొట్లోనే ఉండిపోయాను.